వంతెన మీద ఆగే హక్కు

భారతీయ రైళ్లు నడిచే పట్టాలలో అత్యధిక భాగం దశాబ్దాలుగా ఒకే ఊరి నుంచి వచ్చాయి. ఆ ఊరు భిలాయ్. దేశంలో ఏ మూల రైలెక్కినా చక్రాల కింద ఉన్నది ఆ ఊరి ఉక్కే అయ్యే అవకాశం ఎక్కువ. ఆ ఊరిలోని సెక్టర్ 4 క్వార్టర్స్‌లో ఉండే మనిషి మాత్రం పవర్‌హౌస్ బజారుకు వెళ్లాలన్నా, క్యాంపు బస్తీలో ఉన్న చుట్టాలను చూసి రావాలన్నా అవే పట్టాలను దాటాలి. హావ్‌డా–ముంబయి ప్రధాన రైలు మార్గం పట్టణాన్ని రెండుగా విడదీస్తూ సాగుతుంది. దానికి ఒకవైపు కర్మాగార యాజమాన్యం గీత గీసి కట్టించిన సెక్టర్లు ఉన్నాయి. రెండోవైపు, చాలావరకు బతుకుతెరువే ప్రణాళికగా పెరిగిన పవర్‌హౌస్, సుపేలా, క్యాంపు ప్రాంతాలు ఉన్నాయి.

ఈ రెండు ఊళ్లను కలిపేవి అండర్‌బ్రిడ్జిలు, ఫ్లైఓవర్లు, స్టేషన్ల వద్ద ఉండే ఫుట్ ఓవర్ బ్రిడ్జిలు. వీటిలో మొదటి రెండింటినీ వాహనాల కోసం కడతారు. నడిచే మనిషి కోసమే కట్టేది మూడోది. దాని మీద ప్రభుత్వాల దృష్టి పడేది రెండే సందర్భాలలో. ఒకటి శంకుస్థాపన, రెండోది ప్రమాదం. ఆ రెండింటి మధ్య గడిచే ముప్పై నలభై ఏళ్లలో ఆ ఇనుప మెట్ల మీద ఎవరు ఎక్కుతున్నారు, ఎవరు ఎక్కలేకపోతున్నారు, ఎక్కినవారు అక్కడ ఏం చేస్తున్నారు అన్న ప్రశ్న పాలనకు సంబంధించినదిగా ఎవరికీ తోచదు. తోచకపోవడంలోనే రాజకీయం ఉంది.

భిలాయ్ కథ 1955 ఫిబ్రవరి 2న మొదలైంది. ఆ రోజు భారత్, సోవియట్ ప్రభుత్వాలు ఉక్కు కర్మాగార నిర్మాణానికి ఒప్పందం కుదుర్చుకున్నాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ ఉద్యోగాల కోసం దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. తెలుగువారూ వచ్చారు. 1930ల ఆరంభంలోనే పూర్తయిన విజయనగరం–రాయపూర్ రైలు మార్గం ఉత్తరాంధ్ర పల్లెకు ఆ ఊరిని ఒక రాత్రి ప్రయాణంగా మార్చింది. ఇవాళ విశాఖపట్నం నుంచి దుర్గ్‌కు వందే భారత్ నడుస్తోంది. సెక్టర్ 5 లో బాలాజీ ఆలయం, సెక్టర్ 4 లో ఒడియావారి జగన్నాథ ఆలయం పక్కపక్క సెక్టర్లలోనే ఉన్నాయి. ఎవరి దేవుణ్ణి వారు వెంట తెచ్చుకున్నారు. బడి, బజారు, ఆటస్థలం, వైద్యశాల ప్రతి సెక్టరులోనూ ఉండేలా సోవియట్ కాలపు ప్రణాళిక ఏర్పాటు చేసింది. ఉద్యోగి తన సెక్టరు దాటవలసిన అవసరం రాకూడదన్నది దాని వెనుక ఉన్న ఆలోచన.

అయితే ఆ ఆలోచన అందరినీ లెక్కలోకి తీసుకోలేదు. మానవ శాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ 1990ల నుంచి భిలాయ్‌ను పరిశీలించి 2020లో ‘క్లాసెస్ ఆఫ్ లేబర్’ అనే గ్రంథం వెలువరించారు. ఆ ఊరి జనం వాడే రెండు మాటల చుట్టూ ఆయన తన వాదనను నిర్మించారు. ఒకటి ‘నౌకరీ’, రెండోది ‘కామ్’. ప్రభుత్వ రంగ కర్మాగారంలో స్థిరమైన ఉద్యోగం ఉన్నవారిది నౌకరీ. కాంట్రాక్టరు కింద రోజుకూలికి అదే కర్మాగారంలో చెమటోడ్చేవారిది కామ్. ఇద్దరూ కార్మికులే. కానీ జీతం, ఇల్లు, పిల్లల చదువు, వియ్యమందే కుటుంబం దగ్గర ఇద్దరి దారులూ వేరు. దాదాపుగా ఆ రెండు మాటలనే భౌగోళికంగా విడదీసే గీతలాగా రైలు మార్గం కనిపిస్తుంది. నౌకరీ ఉన్న కుటుంబాలకు ఇవతల క్వార్టర్స్. కామ్ దొరికిన కుటుంబాలలో చాలావాటికి అవతలి బస్తీలు. వంతెన మీద మాత్రమే ఇద్దరూ ఒకరి భుజం ఒకరికి తగిలేంత దగ్గరగా నడుస్తారు.

వంతెన ఎక్కడం ఇష్టాయిష్టాల విషయం కూడా కాదు. 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి అడుగుపెట్టడం నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అంటే పట్టాలకు అవతల ఉన్న బజారుకు నడిచి వెళ్లదలచిన మనిషిని చట్టమే వంతెన ఎక్కిస్తోంది. ఎక్కక తప్పని దారిని వేసినప్పుడు, ఆ దారి ఎలా ఉండాలో నిర్ణయించే బాధ్యత కూడా ప్రభుత్వానిదే అవుతుంది. మోకాళ్లు అరిగిన విశ్రాంత కార్మికుడు, చంకలో బిడ్డ, చేతిలో సంచి ఉన్న తల్లి, రాత్రి పది గంటలకు రెండో షిఫ్టు దిగి వచ్చే కూలీ, సైకిలును భుజాన మోసుకుంటూ మెట్లెక్కే కుర్రాడు. ఆ మెట్ల లెక్క వీళ్లను చూసి వేసినది కాదు. కింద వెళ్లే రైలుకు, దాని పైన ఉండే విద్యుత్ తీగకు ఎంత ఎత్తు వదలాలన్నది చూసి వేసినది.

దేశంలోని సగటు ఫుట్ ఓవర్ బ్రిడ్జిని ఒకసారి గమనిస్తే దానిని కట్టించినవారి మనసు తెలుస్తుంది. ఇరుకు మెట్లు. రెండు వైపులా రెయిలింగు, చాలాచోట్ల దాని మీద ప్రకటనల బోర్డులు. లోపల ఏం జరుగుతున్నదో కింది రోడ్డుకు కనిపించదు. కూర్చునేందుకు బల్ల ఉండదు, తాగేందుకు నీళ్లుండవు. ఎక్కిన మనిషి వీలైనంత త్వరగా దిగిపోవాలి. అక్కడ నిమిషం ఆగినవాడు అనుమానితుడు, గంప దించినవాడు ఆక్రమణదారు. అయినా జనం ఆగుతూనే ఉంటారు. ఇద్దరు తెలిసినవాళ్లు ఎదురుపడితే రెయిలింగుకు ఆనుకుని నాలుగు మాటలు చెప్పుకుంటారు. తాత చేయి పట్టుకున్న పిల్లవాడు గూడ్సు బండి పెట్టెలు లెక్కపెట్టనిదే కదలడు. చివరి మెట్టు దగ్గర ఒకామె కొత్తిమీర కట్టలు పరుస్తుంది. ఇంజనీరు గీసిన పటంలో లేని ఉపయోగాలన్నీ జనం తమంతట తామే కల్పించుకుంటారు. ఆ ఉపయోగాలను ముందే ఊహించి, వాటికి చోటు కల్పించి వంతెన కడితే ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నగరంలో జాయందె నది మీద రెండో షా అబ్బాస్ 1650 ప్రాంతంలో కట్టించిన ఖాజూ వంతెన ఉంది. అది వంతెన, నీటిని నిలిపే ఆనకట్ట, నడుమ రాజు కూర్చునే మంటపం. కింది కమానుల దగ్గర సాయంత్రాలు జనం చేరి పాడుకునే చోటు కూడా అదే. టెహరాన్‌లో లైలా అరాఘియాన్ అనే యువ ఆర్కిటెక్టు రూపొందించిన తబియత్ వంతెన 2014లో పూర్తయింది. రద్దీగా ఉండే రహదారికి అటూ ఇటూ ఉన్న రెండు పార్కులను కలిపే 270 మీటర్ల పాదచారుల వంతెన అది. దానిని మూడు అంతస్తులుగా కట్టారు. మధ్య మధ్య కూర్చునే బల్లలు, తినుబండారాల దుకాణాలు ఉన్నాయి. దారిని తిన్నగా వేయకుండా కాస్త వంపు తిప్పారు. దాటేవారి వేగం తగ్గాలని, అక్కడే కొంతసేపు గడపాలని రూపశిల్పి కోరుకున్నారు.

తెలుగు నేలకు కూడా ఈ అనుభవం ఉంది. హైదరాబాదులో మూసీ మీద 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో కట్టిన పురానాపూల్ మీద కూరగాయల వ్యాపారులు చేరి దానిని బజారుగా మార్చుకున్నారు. గోల్కొండ సైన్యం కోసం, వర్తకం కోసం కట్టిన వంతెనకు ఆ కొత్త జీవితాన్ని ఇచ్చినది ఏ ప్రభుత్వ శాఖా కాదు. రాజమహేంద్రవరంలో గోదావరి మీది హేవ్‌లాక్ వంతెనది మరో కథ. 1900లో రైళ్లు మొదలై, 1997లో ఆగిపోయాయి. 56 కమ్మీలతో నది మీద దాదాపు మూడు కిలోమీటర్ల పొడవున నిలిచిన ఆ పాత వంతెనను జనం నడిచే, కూర్చునే చోటుగా మార్చాలని రాజమహేంద్రవరం రెండు దశాబ్దాలకు పైగా అడుగుతూ వచ్చింది. ప్రభుత్వాలు మారాయి, నివేదికలు మారాయి. 2025 జూన్‌లో అఖండ గోదావరి ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగినప్పుడు ఆ వంతెన అభివృద్ధి కూడా అందులో చేరింది. ఒక తరం జనం ఆ ఖాళీ వంతెనను ఒడ్డు నుంచి చూస్తూనే పెద్దవాళ్లయ్యారు.

హైదరాబాదులోనే ఉప్పల్ కూడలి వద్ద 2023 జూన్‌లో 660 మీటర్ల స్కైవాక్ మొదలైంది. మెట్రో స్టేషనుకు, బస్టాపులకు, నాలుగు దిక్కుల రోడ్లకు మధ్య ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగులు తీసే జనానికి లిఫ్టులు, ఎస్కలేటర్లతో ఒక దారి దొరికింది. ఇది నిస్సందేహంగా మేలు. అంతకుముందు, 2020 సెప్టెంబరులో మొదలైన దుర్గం చెరువు తీగల వంతెనను తొలి నెలల్లో శని, ఆదివారాలు వాహనాలకు మూసి జనానికి వదిలారు. జనం కిక్కిరిసి వచ్చారు. నగరంలో డబ్బు చెల్లించకుండా కూర్చునే చోటుకు ఎంత కరువుందో ఆ రద్దీ చెప్పింది. 2021 ఆగస్టు నుంచి ట్యాంక్‌బండ్‌ను ఆదివారం సాయంత్రాలు వాహనాలకు మూసినప్పుడూ ఇదే కనిపించింది. రోడ్డును జనానికి ఇస్తే దానిని ఏం చేసుకోవాలో వారికి ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇక్కడే పాలకుల మనసులోని రెండో ముఖం కూడా చూడాలి. అదే ట్యాంక్‌బండ్ మీదికి 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ పేరుతో జనం బయలుదేరినప్పుడు నగరమంతా ముళ్లకంచెలు వెలిశాయి. 2017లో ఇందిరా పార్కు వద్ద ఉన్న ధర్నాచౌక్‌ను అక్కడినుంచి తరలించే ప్రయత్నం జరిగి, వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. ఐస్‌క్రీము కొనుక్కునే గుంపుకు స్వాగతం, అర్జీ పట్టుకున్న గుంపుకు బారికేడు. ఇస్ఫహాన్‌లో కూడా జరిగింది అదే. 2021 నవంబరులో నది ఎండిపోయి పొలాలు బీడువడినప్పుడు రైతులు ఖాజూ వంతెన దగ్గర, ఎండిన నదీగర్భంలోనే కూర్చున్నారు. కొన్ని రోజులకు ప్రభుత్వం వారిని బలప్రయోగంతో చెదరగొట్టింది. జనం పాటకు చేరే చోటే పోరాటానికీ చేరుతుంది. ఆగే వీలున్న వంతెనను కట్టడమంటే ఈ సంగతిని ఒప్పుకోవడమే. చాలా ప్రభుత్వాలు ఇరుకు మెట్ల దగ్గరే ఆగిపోవడానికి ఖర్చు ఒక్కటే కారణం కాదేమో.

భిలాయ్‌కు ఈ మాట ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా నాయకుడు శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయ్‌లోని తన ఇంట్లో నిద్రలో ఉండగా హత్యకు గురయ్యారు. ఆయన సంఘటితం చేసిన కార్మికుల కోరికలు అసాధారణమైనవి కావు. బతకగలిగే వేతనం, ఉద్యోగ భద్రత, సంఘం పెట్టుకునే హక్కు, తొలగించిన వారిని తిరిగి తీసుకోవడం. నెలల తరబడి విన్నపాలు, ఊరేగింపులు సాగాయి. 1992 జూలై 1న కార్మికులు కుటుంబాలతో సహా వచ్చి పవర్‌హౌస్ స్టేషను వద్ద పట్టాల మీద కూర్చున్నారు. సుందర్‌లాల్ పట్వా ముఖ్యమంత్రిగా ఉన్న నాటి మధ్యప్రదేశ్ ప్రభుత్వ పోలీసులు ఆ సాయంత్రం కాల్పులు జరిపారు. పదిహేను మందికి పైగా కార్మికులు మరణించారు. ఏటా జూలై 1న కార్మికులు అక్కడికి వచ్చి వారిని తలచుకుంటారు.

ఆ రోజు వారు పట్టాల మీదే ఎందుకు కూర్చున్నారన్న ప్రశ్నకు వ్యూహపరమైన జవాబు ఉంది. ప్రధాన రైలు మార్గం ఆగితేనే ప్రభుత్వం వింటుందని వారు భావించారు. రైళ్లు ఆపడాన్ని సమర్థించాలా అన్నది వేరే చర్చ. దానికి ముందు అడగవలసినది ఒకటుంది. లక్షల మంది శ్రమతో నిలిచిన ఆ పట్టణంలో కాంట్రాక్టు కార్మికులు కలుసుకుని, మాట్లాడుకుని, నలుగురి కంటా పడే చోటు ఏది? సెక్టర్ల మైదానాలు, భవనాలు యాజమాన్యం చేతిలో ఉన్నాయి. పరిశ్రమల గేట్లు యజమానులవి. పట్టాలు రైల్వేవి. అవతలి బజారులో అడుగు తీసి అడుగు వేసే సందు లేదు. వీధిలో సభ జరుపుకునే హక్కును ప్రభుత్వం క్రమబద్ధం చేయవచ్చునే గానీ పూర్తిగా నిరాకరించరాదని హిమ్మత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు 1970ల ఆరంభంలోనే స్పష్టం చేసింది. హక్కు ఉన్నది. దానిని వాడుకునే స్థలాన్ని మాత్రం ఎవరూ కట్టలేదు.

దీనికి వచ్చే ప్రధాన అభ్యంతరం తేలికగా కొట్టివేయదగినది కాదు. జనం వంతెన మీద ఆగితే తొక్కిసలాట జరగదా? 2017 సెప్టెంబరు 29న ముంబయిలోని ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషను వంతెన మెట్ల మీద 23 మంది నలిగి చనిపోయారు. ఆ ఉదయం కుండపోత వాన. తడవకుండా ఉండేందుకు చాలామంది వంతెన మీదే ఆగిపోయారు. వచ్చే రైళ్లు జనాన్ని దించుతూనే ఉన్నాయి. పైకి చూస్తే ఆగడమే వారిని చంపింది. కానీ వానలో మనిషి ఆగుతాడన్నది ముంబయికి తెలియని సంగతా? ఆగేందుకు వేరే చోటు లేకపోవడం, నడిచేవారికీ నిలిచేవారికీ ఒకటే ఇరుకు మెట్లు కావడం ఆ మరణాలకు అసలు కారణం. ఆ వంతెన ఇరుకుదనం గురించి ప్రయాణికులు అప్పటికే ఎన్నోసార్లు మొరపెట్టుకున్నారు. ఆ ప్రమాదం తర్వాత సైన్యాన్ని పిలిపించి కొన్ని నెలల్లోనే అక్కడ కొత్త వంతెన కట్టించారు. కట్టాలనుకుంటే ఎంత త్వరగా కట్టవచ్చో కూడా ఆ విధంగా తెలిసింది.

ఇక రెండో ప్రమాదం పూర్తిగా విరుద్ధ దిశ నుంచి వస్తుంది. వంతెనను విహారస్థలంగా చూసి, దానిని ఆదాయ వనరుగా మార్చడం. గుజరాత్‌లోని మోర్బీలో 19వ శతాబ్దపు వేలాడే వంతెనను ఒక ప్రైవేటు సంస్థ నిర్వహణకు అప్పగించారు. మరమ్మతుల తర్వాత 2022 అక్టోబరు 26న టికెట్లు అమ్ముతూ మళ్లీ తెరిచారు. నాలుగు రోజులకే, అక్టోబరు 30న అది తెగిపడి 135 మంది మరణించారు. ఎంతమందిని ఎక్కించవచ్చునన్న లెక్క కంటే ఎన్ని టికెట్లు అమ్ముడయ్యాయన్న లెక్క ముందుకు వచ్చినప్పుడు జరిగేది ఇదే. అదే సంవత్సరం ఆగస్టులో అహ్మదాబాదు సబర్మతి మీద మొదలైన అటల్ వంతెన చూడముచ్చటైన కట్టడం. దాని మీద నడవాలంటే రుసుము చెల్లించాలి. టికెట్టు ఉన్న వంతెన వినోదం కావచ్చు. నదికి అవతల పనిచేసే కూలీకి మాత్రం అది వంతెన కాదు.

భద్రతకు సంబంధించిన సాంకేతిక జ్ఞానం దేశంలో లేకపోలేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ భారాల నియమావళి వంతెనల మీది కాలిబాటకు చదరపు మీటరుకు 400 కిలోల జనభారాన్ని లెక్కలోకి తీసుకోమంటుంది. తీర్థస్థలాలు, పెద్ద జాతరలు జరిగే ఊళ్ల దగ్గర దానిని 500 కిలోలకు పెంచమంటుంది. అంటే జనం వంతెన మీద గుమిగూడతారన్న సత్యాన్ని నియమావళి రాసిన ఇంజనీరు ఏనాడో గుర్తించాడు. జాతర ఒక్కటే అతని కంటికి ఆనింది. రోజూ షిఫ్టు మారే వేళ కర్మాగారపు ఊరిలో జరిగేది కూడా ఒక జాతరే. ఏటా రథయాత్ర నాడు సెక్టర్ 4 రోడ్లు జనంతో నిండినప్పుడు, ఆ రోడ్డు దాటేందుకా, నిలిచేందుకా అని ఎవరూ అడగరు. దేవుడి కోసం నిలిచే జనానికి దారి ఇవ్వగలిగిన యంత్రాంగం, పనినుంచి వచ్చి నిలిచే జనానికి కూడా ఇవ్వగలదు.

చట్టంలో ఉన్న ఒక చిన్న వాక్యం ఈ సమస్య లోతును బయటపెడుతుంది. వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ కోసం పార్లమెంటు 2014లో చట్టం చేసింది. ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలని, అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఎన్నుకున్న ప్రతినిధులు కావాలని శాసించింది. కమిటీ సర్వే పూర్తి కాకుండా ఎవరినీ వెళ్లగొట్టరాదంది. అయితే రైల్వేల స్థలాలకు, ఆవరణలకు, రైళ్లకు ఈ చట్టం వర్తించదని మొదటి సెక్షనులోనే మినహాయించింది. కాబట్టి కొత్తిమీర అమ్మే ఆమె వంతెన కింద, పురపాలక రోడ్డు మీద కూర్చుంటే హక్కులున్న పౌరురాలు. నాలుగు మెట్లెక్కి రైల్వే ఆవరణలోకి వస్తే నేరస్థురాలు. ఆమె గంప అదే, కొనేవాళ్లూ వాళ్లే.

భిలాయ్‌లో ఈ చిక్కు మరింత బిగుసుకుంటుంది. రైలు మార్గానికి ఇవతల దిగే మెట్టు ఉక్కు కర్మాగారపు టౌన్‌షిప్ పరిధిలోకి వస్తుంది. మధ్యలో రైల్వే. అవతల పురపాలక సంస్థ, దానిని దాటితే జాతీయ రహదారి. ఒక్క వంతెన మీద నడిచే మనిషి ఐదు నిమిషాలలో మూడు నాలుగు అధికారాల కిందినుంచి వెళ్తాడు. దీపం వెలగకపోతే ఎవరిని అడగాలి? లిఫ్టు ఆగిపోతే ఎవరు బాగుచేయాలి? ఓటు వేసి ఎన్నుకున్న కార్పొరేటరుకు ఇందులో ఎంతవరకు అధికారం ఉంది? టౌన్‌షిప్‌ను నడిపే అధికారులను నివాసులు ఎన్నుకోరు. రైల్వే అధికారులనూ ఎన్నుకోరు. పాదచారుల వంతెనలు అనాథలుగా మిగిలిపోయేది ఈ సందులోనే.

మరో సందేహాన్ని కూడా నిజాయితీగా ఎదుర్కోవాలి. పాదచారుల వంతెన అన్నది అసలు పాదచారుల మేలు కోసమేనా? నగర రోడ్ల మీద చాలాసార్లు కాదు. కార్లు ఆగకుండా పోవడానికి నడిచేవాళ్లను మెట్లెక్కించడమే దాని ఉద్దేశం. పాదచారుల సౌకర్యాల మీద రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలే నేల మీద దాటే ఏర్పాటుకు ప్రాధాన్యం ఇస్తాయి. కేంద్ర రహదారుల శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో 32,825 మంది పాదచారులు రోడ్డు ప్రమాదాల్లో మరణించారు. ఆటంకం లేని కాలిబాట జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. కాబట్టి రోడ్డు మీద సిగ్నలు పెట్టవలసిన చోట స్కైవాక్ కట్టి, దాని మీద నాలుగు పూలకుండీలు పెట్టి సామాజిక స్థలం అనడం మోసమే అవుతుంది. రైలు మార్గం విషయం వేరు. అక్కడ నేల మీద దాటే వీలు లేదు. అందుకే భిలాయ్‌లాంటి చోట వంతెన న్యాయమైన పరిష్కారం, అందుకే అది మంచి వంతెన కావాలి.

మంచి వంతెన అంటే ఏమిటో చెప్పడానికి విదేశీ నిపుణులు అక్కరలేదు. నడిచే భాగం, నిలిచే భాగం వేరుగా ఉండేంత వెడల్పు కావాలి. రెండింటినీ కలిపితే ఎల్ఫిన్‌స్టన్ పునరావృతమవుతుంది. మెట్లతో పాటు సైకిలు తోసుకుపోగల ర్యాంపు కావాలి. ఛత్తీస్‌గఢ్ మే నెల ఎండకు పైకప్పు, తాగునీరు తప్పనిసరి. పక్క గోడలు కంటికి అడ్డం రాకూడదు, ప్రకటనల బోర్డు ఆదాయం పోయినా సరే. వంతెన రెండు చివర్లా కాస్త విశాలమైన తిన్నెలు కట్టి, చాయ్ దుకాణానికి, కూరగాయల గంపకు, చెప్పులు కుట్టేవాడికి గుర్తించిన చోటివ్వాలి. ఒక మూల నోటీసు బోర్డు ఉండాలి. కార్మిక సంఘం కరపత్రమైనా, తెలుగు నాటక ప్రదర్శన ప్రకటనైనా దాని మీద అంటించుకోగలగాలి. సభ జరుపుకోవలసి వస్తే దారికి అడ్డం కాని ఖాళీ స్థలం వంతెన దిగే చోట ఉండాలి.

వీటిలో గంపకు, దుకాణానికి ఇచ్చే చోటు కేవలం దయ కాదు. రాత్రి పది దాటాక నిర్మానుష్యమైన వంతెన ఎక్కడానికి ఏ స్త్రీ అయినా జంకుతుంది. ఎక్కక తప్పకపోతే గుండె చిక్కబట్టుకుని పరుగు లాంటి నడకతో దాటుతుంది. అదే వంతెన చివర దీపం కింద చాయ్ కాచే మనిషి ఉంటే, నలుగురు కూర్చుని ఉంటే, ఆమె నడక మామూలు నడక అవుతుంది. వీధిని కాపాడేది అక్కడి మనుషుల చూపులేనని జేన్ జేకబ్స్ 1961లో అమెరికా నగరాల గురించి రాశారు. నలుగురూ తిరిగే చోటుకు భయం లేదని తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పేదీ అదే. సీసీ కెమెరా నేరం జరిగాక సాక్ష్యం ఇస్తుంది. చాయ్ దుకాణం నేరం జరగకముందే అడ్డం నిలుస్తుంది. అలాంటి దుకాణాన్ని ఆక్రమణ పేరుతో తొలగించి ఆ చోట కెమెరా బిగించడాన్ని అభివృద్ధి అంటున్నారు.

ఖర్చు గురించి అడిగేవారు ఉంటారు. సాధారణ వంతెనకంటే ఇది ఖరీదైనదే. కానీ ఇక్కడ ఊరు భిలాయ్ అని మరచిపోరాదు. ఇనుము ఆ ఊరికి వెలితి కాదు. ఒకే టెండరు కింద రైల్వే, ఉక్కు కర్మాగారం, పురపాలక సంస్థ, రహదారుల సంస్థ కలిసి వంతెనను కట్టి, దాని నిర్వహణను ఎన్నికైన పురపాలక సంస్థకు, వెండింగ్ కమిటీకి, రెండు వైపుల నివాసుల ప్రతినిధులకు ఉమ్మడిగా అప్పగించడానికి ఏ సాంకేతిక అడ్డంకీ లేదు. 2014 చట్టం నుంచి రైల్వేలకు ఇచ్చిన మినహాయింపును, స్టేషను అవసరాలకు కాక ఊరు దాటడానికే ఉపయోగపడే వంతెనల విషయంలోనైనా సవరించడానికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు. ఒక చిన్న బిల్లు చాలు. అలాంటి బిల్లును ఏ పార్టీ ఎంపీ అయినా ప్రైవేటు మెంబరుగా ప్రవేశపెట్టవచ్చు.

శాశ్వత ఉద్యోగాలు తగ్గుతూ, కాంట్రాక్టు పని పెరుగుతున్న కొద్దీ భిలాయ్‌లో నౌకరీకీ కామ్‌కీ మధ్య ఉన్న గీత ఇళ్ల లోపలికి కూడా వచ్చేసింది. తండ్రిది నౌకరీ, కొడుకుది కామ్ అయిన కుటుంబాలు సెక్టర్లలోనూ ఉన్నాయి. పదవీ విరమణతో క్వార్టరు ఖాళీ చేసిన తండ్రి పట్టాలకు అవతల ఇల్లు చూసుకుంటాడు. ఆయన స్నేహితులు, ఆయన వెళ్లే గుడి, వైద్యం చేయించుకునే ఆసుపత్రి ఇవతలే ఉండిపోతాయి. నలభై ఏళ్లు పట్టాలు తయారుచేసిన ఆ చేతులు ఇప్పుడు రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కుతాయి. మధ్యలో ఆయనకు ఆయాసం వస్తుంది. వెనుకవాళ్లు తోసుకుని ముందుకు పోతారు. తదుపరి వంతెనకు పటం గీసేవారు ఆ చోట ఒక బల్ల గీస్తారా, లేదా ‘ఇచట నిలువరాదు’ అన్న బోర్డు గీస్తారా అన్నది చూడాలి.